అడ్డగీత

మొదటి టిప్పరు వచ్చి ఇంటి ముందు మట్టి గుమ్మరించినప్పుడు వడ్రంగి నవ్వాడు. రెండోది గుమ్మరించినప్పుడు కూడా ఆ నవ్వు మొహం మీదే ఉంది. ఎదురు వరసలో పడగొట్టిన కొట్ల పునాదులు గుంటలై ఉన్నాయి కదా, వాటిని పూడ్చడానికి తెచ్చిన మట్టే ఇది, ఎక్కడ పొయ్యాలో తెలియక నా గుమ్మం ముందు పోశారు వెర్రివాళ్ళు, అనుకున్నాడు. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఎవరిదో కొత్త ఇంటి వీధి తలుపు చిత్రిక పడుతున్నాడు. పని ఆపలేదు.

ఆ తర్వాత టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. మట్టి తోసే బండి ఒకటి వచ్చి ఆ కుప్పలన్నిటినీ చదును చేయడం మొదలుపెట్టింది. అటు తోస్తుందేమోనని చూశాడు. అటు తొయ్యలేదు. తన ఇంటి గోడకి బారెడు దూరంలో ఆగి, ఉన్నచోటే పరిచింది. పరిచినదాని మీద మళ్ళీ పోశారు. వడ్రంగికి అప్పుడు నవ్వు పోయింది. చిత్రిక పక్కన పడేసి, ఒంటికంటిన పొట్టు కూడా దులుపుకోకుండా పరుగెత్తాడు.

"ఏమయ్యా డ్రైవరూ! కళ్ళు కనపడట్లేదా? గుంటలు అటున్నాయి. ఇక్కడెందుకు పోస్తున్నావు?"

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "గుంటలకి కాదు మేస్త్రీ, రోడ్డుకి."

"రోడ్డు ఉందిగా! నువ్వు బండి నిలిపింది దేని మీద మరి?"

"ఇది పాత రోడ్డు. కొత్తది అదిగో, అక్కడికి వస్తుంది" అని డ్రైవరు చెయ్యి చాపాడు.

అతను చూపించింది నేలని కాదు. వడ్రంగి ఇంటి గోడని. కిటికీ పక్కన, నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తులో, ఎర్ర రంగుతో గీసిన అడ్డగీతని. వడ్రంగి ఆ గీతని చూశాడు, మట్టిని చూశాడు, మళ్ళీ గీతని చూశాడు. జీవితమంతా కొయ్యతో బతికిన మనిషి అక్కడికక్కడే కొయ్యబారిపోయాడు.

ఆ గీత గురించి చెప్పాలంటే రోడ్డు గురించి చెప్పాలి. ఒకప్పుడు ఆ రోడ్డు మీద కుక్క పడుకుంటే దాన్ని లేపే నాథుడు లేడు. ఊరి చివర చిన్న వాగు, దాని మీద బల్లపరుపు కల్వర్టు, అది దాటితే పొలాలు. తర్వాత ఏమైందో ఏమో, పట్నం ఒళ్ళు విరుచుకుని వాగు దాటేసింది. పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. పొద్దున అక్కడి కార్లన్నీ ఇటు, సాయంత్రం అవే కార్లు అటు. మధ్యలో బస్సు వస్తే దాని అద్దం టీ కొట్టు పందిరికి తగులుకునేది. డ్రైవర్లు దిగి ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకునేవాళ్ళు. రోడ్డు వెడల్పు చేయాల్సిందేనని ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. కాకపోతే, చేసే ఆ వెడల్పేదో ఎదురింటివాడి వైపు చెయ్యాలని ప్రతివాడూ మనసులో కోరుకున్నాడు.

వడ్రంగి ఇల్లు ఇటు వరసకి ఆఖరిది. దాన్ని దాటితే వాగే. అందరికంటే ఎక్కువ బెంగ పెట్టుకున్నదీ అతనే. ఇటుకల గురించీ కాదు, తలుపుల గురించీ కాదు. తలుపులు కావాలంటే వంద చేసుకోగలడు. అతని బెంగంతా అమ్మ గురించి.

అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. మంచం నుంచి గుమ్మం దాకా గోడ పట్టుకుని వస్తుంది. గుమ్మంలో ఆమె కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుందంటే రోడ్డు మీద పోయే మనుషులంతా ఆమె చుట్టాలే. "ఏమయ్యా కండక్టరూ, నీ కూతురికి జ్వరం తగ్గిందా?" అని అడిగితే, పోయే బస్సులోంచి జవాబొస్తుంది. ఇంటి ముందు ఒకే ఒక్క మెట్టు. సాయంత్రం కొడుకు చెయ్యి పట్టుకుని ఆ మెట్టు దిగి, టీ కొట్టు దాకా నడిచి, అక్కడి బల్ల మీద కాసేపు కూర్చుని తిరిగొస్తుంది. ఒక్క మెట్టు ఆమె దిగగలదు. రెండో మెట్టు ఆమె వల్ల కాదు. డాక్టరు చెప్పాడు, ఆమె మోకాళ్ళూ చెప్పాయి.

వడ్రంగి భార్య రోడ్డు మాట వినగానే చెప్పింది, "ఇచ్చిన పరిహారం పుచ్చుకుని వాగవతల ఇంత స్థలం చూసుకుందామండీ. అత్తయ్యకి అనువుగా నేలమట్టాన గది కట్టుకుందాం" అని. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వడ్రంగి వినలేదు. "ఈ గుమ్మం లేకపోతే అమ్మ నాలుగు రోజులు బతకదు" అన్నాడు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. కనపడ్డవాడికల్లా దణ్ణం పెట్టాడు.

గీతలు గీసే రోజు వచ్చింది. కొలతలవాళ్ళు రంగు డబ్బాలతో దిగి, ఇంటింటి గోడ మీదా నిలువు గీత గీసుకుంటూ పోయారు. గీతకి ఇవతల ఉన్నది పోతుంది, అవతల ఉన్నది మిగులుతుంది. టీ కొట్టు గోడ మీద నిలువు గీత సరిగ్గా పొయ్యి వెనక పడింది, అంటే మిగిలేది వెనక గోడొక్కటే. టైలరు ఇంటికి నట్టింట్లో పడింది. వీధి వీధంతా చావు ఇల్లయిపోయింది. ఆ వేళకి వడ్రంగి పొరుగూళ్ళో కిటికీలు బిగిస్తున్నాడు. కబురు తెలిసి, ఉలి ఎక్కడ పెట్టాడో కూడా చూసుకోకుండా వచ్చిపడ్డాడు. వచ్చి చూస్తే తన గోడ మీద గీత ఉంది గానీ, నిలువుగా లేదు. అడ్డంగా ఉంది.

"ఎవరో రంగు డబ్బా అతను వచ్చాడురా" అంది అమ్మ. "మూడు కాళ్ళ దుర్భిణీ ఒకటి రోడ్డు మీద పెట్టి చూశారు. కర్ర నిలబెట్టారు. గీత గీశారు. మంచివాడు పాపం, మంచినీళ్ళు అడిగి తాగాడు."

"ఏమన్నాడమ్మా? ఇల్లు పోతుందన్నాడా?"

"అదే అడిగాను. 'లేదమ్మా, ఈ గోడ ఉండాలి' అన్నాడు."

ఇంకేం కావాలి? వడ్రంగి ఎగిరి గంతేశాడు. అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత మీసం దువ్వుకుంటూ వీధిలోకి వెళ్ళాడు. వీధి కూడా అతని మాటే నమ్మింది. నిలువు గీత ఉన్నవాళ్ళ ఇళ్ళు పోతున్నాయి, వడ్రంగిది అడ్డగీత, కాబట్టి పోదు. ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది ఎవరికీ కనపడలేదు.

"నీ అదృష్టమే అదృష్టం అన్నయ్యా" అంది టీ కొట్టామె, పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ.

"నిలువు గీతైతే నరుకు, అడ్డగీతైతే బతుకు, అంతే చెల్లెమ్మా!" అన్నాడు వడ్రంగి. అలా అనకూడదని ఆ క్షణంలో అతనికి తోచలేదు. సంతోషం తలకెక్కితే మనిషికి ఎదుటివాళ్ళ కన్నీళ్ళు ఆనవు. పైగా తన మాట తనకే ముచ్చటేసి, ఆ వారమంతా కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకు తిరిగాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇంటికి సున్నం వేయించినప్పుడు ఆ గీత మీద చుక్క పడకుండా కాగితం అంటించాడు. ఎండకీ వానకీ రంగు వెలిసిపోతుందని పైనుంచి వార్నిషు పూశాడు. దానికీ తృప్తిపడక, మిగిలిన టేకు ముక్కలతో సన్నని చట్రం చేసి గీత చుట్టూ బిగించాడు. ఇంటికొచ్చినవాళ్ళకి ముందు ఆ గీతని చూపించాకే కుర్చీ వేసేవాడు.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకొక బీరువా చేసి పెట్టలేదు. గీతకి మాత్రం చట్రమా!" అంది భార్య.

రోడ్డు పనుల ఇంజనీరు వచ్చినప్పుడు వడ్రంగి ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగాడు. "సార్, మా ఇంటికి ఢోకా లేదుగా?"

"మీ ఇంటి జోలికి మేం రాం. ముందున్న ఆ మెట్టు మాత్రం తీసెయ్యండి, అక్కడ మురుగు కాలువ వస్తుంది."

వడ్రంగి ఆ సాయంత్రమే గునపం పట్టుకుని మెట్టు పడగొట్టి, దాని చోట ఓ చెక్క పీట పెట్టాడు. తర్వాత టేపు తీసుకుని గోడ నుంచి కాలువ ఎంత దూరం, కాలువ నుంచి రోడ్డు ఎంత దూరం, పెద్ద బస్సు వస్తే గాలి అమ్మ మొహానికి కొడుతుందా లేదా, అన్నీ లెక్క చూసుకున్నాడు. అతని కొలతలన్నీ నేల మీదే సాగాయి. వీధిలో ఎవరి కొలతలైనా అంతే. రోడ్డు ఇటు ఎంత వస్తుంది, అటు ఎంత పోతుంది అనే కొట్టుకున్నారందరూ. పైకి ఎంత లేస్తుందని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఇప్పుడు ఆ మట్టి కుప్పలు దాటుకుంటూ వాగు దగ్గర రేకుల గదిలో ఉన్న ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. ఇంజనీరు కసురుకోలేదు. కుర్చీ చూపించాడు. వడ్రంగి కూర్చోలేదు.

"సార్, మా ఇంటి ముందు రోడ్డు... ఆ గీత దాకా అంటున్నారు."

"అవును మేస్త్రీ. వానొస్తే ఈ కల్వర్టు మునుగుతోంది కదా. కార్లు నీళ్ళలో ఆగిపోతున్నాయి. అందుకే వంతెన ఎత్తు పెంచాం. వంతెన ఎత్తయితే రోడ్డు కూడా ఇంకాస్త ముందు నుంచే ఎక్కుతూ రావాలి. మీ ఇంటి దగ్గర అది ఆ ఎత్తుకొస్తుంది."

"మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదేం సార్?"

ఇంజనీరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గోడ మీద గీయించాం కదా! పడగొట్టే గోడల మీద గీస్తే గోడతో పాటు గీతా పోతుంది. మీ గోడ నిలబడేది కాబట్టి మీ దాని మీద గీయించాం. మీరు దానికి చట్రం కూడా కట్టారు. మావాళ్ళు చూసి ఎంత సంతోషించారో! ఇంత భద్రంగా ఎవరూ ఉంచరు. మీకు తెలిసే చేశారనుకున్నాను. వడ్రంగి మేస్త్రీ అయ్యుండి, మట్టం గీత అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?"

ఆ మాట వడ్రంగి చెవిలో పడింది గానీ లోపలికి దిగడానికి కొంతసేపు పట్టింది.

"పోనీ, ఇల్లు తీసేసుకోండి సార్. అందరికీ ఇచ్చినట్టే మాకూ ఏదో ఇవ్వండి, వెళ్ళిపోతాం."

"ఎలా తీసుకుంటాం? మీ ఇంట్లో ఒక్క ఇటుక కూడా కదపట్లేదుగా. ఇల్లు పోయినవాళ్ళకే పరిహారం. మీది పోలేదు."

"మా అమ్మ ఉంది సార్, గుమ్మంలో కూర్చుంటుంది..."

"చూశాను, పెద్దావిడ. మంచినీళ్ళిచ్చారట మావాళ్ళకి. ఏం ఫర్వాలేదు, కాలువ మీద పలక వేసి, మీ గుమ్మం నుంచి రోడ్డు మీదకి మెట్లు కట్టిస్తాం."

"ఎన్ని మెట్లు?"

ఇంజనీరు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "ఏడెనిమిది ఉంటాయి" అన్నాడు.

వడ్రంగి ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి, సంచిలోంచి రసమట్టం తీశాడు. తండ్రి చేతి నుంచి వచ్చిన పాత ఇత్తడి రసమట్టం. గోడ దగ్గరికి వచ్చి, తాను బిగించిన టేకు చట్రంలోకి దాన్ని జాగ్రత్తగా దూర్చి, ఆ ఎర్రగీత మీద ఆనించాడు. గాజుగొట్టంలో బుడగ అటూ ఇటూ ఊగి, వచ్చి నట్టనడుమ ఆగింది. వెంట్రుక వాసి కూడా తేడా లేదు.

ఎన్ని ఇళ్ళలో గీసి ఉంటాడు ఇలాంటి గీత! గచ్చు ఇంకా వెయ్యని మట్టినేల గదిలోకి మేస్త్రీగా మొదట అడుగుపెట్టేది తనే. గోడ మీద మట్టం గీత గీసి, "గచ్చు ఇక్కడికి వస్తుంది, ఇక్కణ్ణుంచి తలుపు మొదలు" అని ఇంటివాళ్ళకి చెప్పేది తనే. గీత కింద ఉన్నదంతా పూడిపోతుందని ఇంటివాళ్ళకి అర్థంకాక అయోమయంగా చూస్తుంటే నవ్వేది కూడా తనే. మరి తన ఇంటి గోడ మీద అదే గీత ఇన్నాళ్ళుగా కనపడుతుంటే, దానికి వార్నిషు పూశాడు. రసమట్టం చేతిలోంచి జారబోయింది. బుడగ చెదిరింది. అది పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు.

భార్య వచ్చి చూసింది. ఆమెకి విషయం అప్పటికే అర్థమైంది. "నేను ముందే చెప్పాను" అని ఆమె అంటుందని వడ్రంగి ఎదురుచూశాడు. అన్నా బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆమె అతని చేతిలోంచి రసమట్టం తీసుకుని కొంగుతో తుడిచి, "లోపలికి రండి, మట్టి రేగుతోంది" అంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అతనికి సరిగ్గా గుర్తులేదు. రోలరు తిరిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గణగణలాడేవి. గుమ్మానికి ఎదురుగా, కాలువ అవతల, సిమెంటు గోడ లేచింది. దాని వెనక మట్టి, మట్టి మీద కంకర, కంకర మీద తారు. వెలుతురు తగ్గుతూ వచ్చి ముందుగదిలో పట్టపగలు దీపం వెయ్యాల్సి వచ్చింది. షెడ్డులో తయారైన వీధి తలుపుని బయటికి తేవడానికి ఆ ఇంటివాళ్ళు నలుగురు మనుషుల్ని తెచ్చి, తాళ్ళు కట్టి పైకి లాక్కున్నారు. ఇంకో పని అప్పగించకుండానే వెళ్ళిపోయారు. వడ్రంగి ప్రతి ఉదయం లేచి బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న గోడని ఆ రోజే కొత్తగా చూసినట్టు చూసి ఉలిక్కిపడేవాడు. కొంతకాలానికి అలవాటవుతుందని అందరూ అన్నారు. కాలేదు.

అమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఆమె కుర్చీ ఆమె గుమ్మంలోనే ఉంది, కళ్ళెదుట జరిగేదంతా చూస్తూనే ఉంది. రోడ్డు పైకి లేచాక గుమ్మంలోకి రావడం మానేసింది. మంచం మీదే అటు తిరిగి పడుకుంది. వడ్రంగి ప్రాణం చివుక్కుమనేది. చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్ళాడు ఒకరోజు. ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టింది, పైకి చూసింది, కాలు వెనక్కి తీసుకుంది. "రేపు చూద్దాంలే నాన్నా" అంది. అలా అన్న రేపులు చాలా గడిచాయి.

రోడ్డు తెరిచాక ఒక సాయంత్రం టీ కొట్టామె వచ్చింది. వాగవతల కొత్తగా కొట్టు పెట్టుకుందని విన్నాడు గానీ, ఆమె మొహం చూడడానికి సిగ్గేసి అటు పోలేదు. నరుకు, బతుకు అని తాను కూసిన కూత ఇప్పుడు తిప్పికొడుతుందనుకుని, గుమ్మం పక్కన కూర్చుని తల దించుకున్నాడు. ఆమె పైన రోడ్డు అంచున, ఇనుప కమ్మీల వెనక నిలబడి ఉంది. చూరు అడ్డం వచ్చి, కిందికి ఆమె చెప్పులు, చీలమండలు మాత్రం కనపడుతున్నాయి. మెట్లు దిగబోయి ఆగింది. ఇంటి ముంగిటిని అంత ఎత్తు మీద నుంచి ఆమె చూడడం అదే మొదటిసారి.

"అయ్యో అన్నయ్యా" అంది. ఎగతాళి చేసి ఉంటే వడ్రంగి తట్టుకునేవాడు. ఆ "అయ్యో"ని తట్టుకోలేకపోయాడు.

అప్పుడు లోపల మంచం కిర్రుమంది. అమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, చాలా రోజుల తర్వాత తన కుర్చీలో కూర్చుంది. మెడ ఎత్తి పైకి చూసింది. కనపడుతున్నవి చెప్పులే.

"టీ కొట్టమ్మాయివి కాదూ? ఆ ఆకుపచ్చ పట్టీ చెప్పులు నీవేగా. ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి!"

టీ కొట్టామె కమ్మీల సందులోంచి వంగి మొహం చూపించింది. "నేనే పెద్దమ్మా. బాగున్నావా?"

"బాగున్నాను తల్లీ. వంగకు, నడుం పడుతుంది. కాళ్ళు కనపడుతున్నాయిలే, చాలు."

ఇద్దరూ అలాగే మాట్లాడుకున్నారు, ఒకరు పైన, ఒకరు కింద. మధ్యలో ఎవరో నడిచి వెళ్తే, "ఆ పోయేది పంతులుగారు, ఎడమ కాలు ఈడుస్తాడు" అంది అమ్మ. ఇంకెవరో వెళ్తే, ఎవరో తెలియక కనుబొమలు ముడిచి ఆలోచించింది. టీ కొట్టామె వెళ్ళిపోయాక కూడా గుమ్మంలోంచి లేవలేదు. వడ్రంగి ఆమెని చూస్తూ కూర్చున్నాడు. అమ్మ ఏడుస్తుందని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. ఆమె ఏడవట్లేదు. పోయే పాదాలని ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుంటోంది, మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టి.

"ఒరేయ్ నాన్నా, ఇలా రా" అంది.

వెళ్ళాడు.

"నీ చెప్పులేవిరా? తొడుక్కుని చూపించు."

"ఎందుకమ్మా?"

"పనికెళ్ళి పైనుంచి వస్తావు కదా. వచ్చేది నువ్వేనని నాకు తెలియాలా వద్దా?"

వడ్రంగి చెప్పులు తొడుక్కుని వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. వెలుతురు చాలలేదు. లోపలికి వెళ్ళి దీపం వేసి వచ్చి మళ్ళీ నిలబడ్డాడు. ఆమె ముందుకి వంగి, అరిగిన ఆ మడమల్నీ, తెగితే మేకు కొట్టి నిలబెట్టిన ఆ పట్టీనీ చాలాసేపు తేరిపార చూసింది.

"సరే" అంది. "ఇక పోల్చుకుంటాను."